మన చేనులో గ్రావెల్ గుంట: ఆ నిలువు గట్టు ఎవరి అవసరం?



ఈసారి ధర్నా గురించి కాదు, ఒక గుంట గురించి రాస్తున్నా. మీ ఊళ్లో కూడా ఉండే ఉంటుంది. చేను చివర, గుట్ట మొదట్లో, ఎర్రగా కోసేసిన గట్టు. దాని ముందు ట్రాక్టరు టైరు జాడలు. వానలొస్తే మోకాలి లోతు నీళ్లు. రోజూ దాని పక్క నుంచే పోతాం, రోజూ చూస్తాం, ఒక్కరోజు కూడా దాని గురించి మాట్లాడుకోం.

మా మేనత్త కొడుకు, నాకు బావ. ఆయనకి ఇల్లు మంజూరైంది. బేస్‌మెంట్ లేస్తేగానీ బిల్లు పడదని మీకు తెలుసు కదా. పునాది రాళ్లు కట్టేశాడు, లోపల నింపడానికి గ్రావెల్ కావాలి. లోడు కొనడానికి చేతిలో డబ్బు లేదు. సొంత చేనులోనే గుట్టవారన మంచి గ్రావెల్ ఉంది. తాతల కాలం నుంచి అరుగులకి, దారికి అక్కడే తవ్వుకుంటున్నారు. గునపం, పార, తట్ట తీసుకుని, పన్నెండేళ్ల కొడుకుని వెంటేసుకుని దిగాడు.

ఎలా తవ్వాడు? మనందరం ఎలా తవ్వుతామో అలాగే. పైన గడ్డి దుబ్బులు, వేళ్లు ఉంటాయి, గునపం దిగదు. కింద మెత్తగా ఉంటుంది. కింద గుల్ల చేస్తూ పోతే పైది దానంతటదే పడుతుంది, పారతో ఎత్తుకోవడమే మిగులుతుంది. కష్టం సగానికి సగం తగ్గుతుంది. నాలుగో రోజుకి గట్టు మనిషిన్నర ఎత్తయింది. అంతకు ముందు రెండు రోజులు కాలం కాని వాన పడింది. ఆ రోజు మాత్రం ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం దాటాక అక్కడ నీడ ఉన్నది ఒక్క ఆ గట్టు కిందే. అక్కడే కూర్చుని అంబలి తాగుతున్నాడు. కొడుకు వాగుకి నీళ్లకి పోయాడు. తిరిగొచ్చేసరికి వాడికి నాన్న తల, ఒక చెయ్యి కనిపించాయి.

ఊరంతా పరిగెత్తింది. అందరం మంచి మనసుతోనే పోయాం, కానీ ఒక్కరికీ ఏం చెయ్యాలో తెలియదు. సగం మంది పైకెక్కి అంచు మీద నిలబడ్డారు. ఆ బరువుకి ఇంకో పెళ్ల పడింది. ఇద్దరు చెయ్యి పట్టుకుని లాగారు, భుజం జారింది. గునపం పోటు తొడ మీద పడింది. ఎవరో జేసీబీకి ఫోన్ చేశారు. అది రాకపోవడమే మంచిదైంది. గంటన్నర పట్టింది తియ్యడానికి. మంచం మీద మోసుకుని రోడ్డుకి, అక్కణ్ణుంచి 108లో. ప్రాణం దక్కింది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

"అందరం" అన్నాను గానీ నేను అక్కడ లేను. ఆ రోజు మండల కేంద్రంలో మీటింగులో మైకు పట్టుకుని ఉన్నాను. జల్, జంగిల్, జమీన్ గురించి చెప్తున్నాను.

ఇంకోటి కూడా చెప్పాలి, దాచుకుంటే ఈ రాత అబద్ధం అవుతుంది. డిగ్రీ సెలవుల్లో నేను కూడా ఒక కాంట్రాక్టరు గుంటలో ట్రాక్టర్లకి లోడింగ్ పనికి పోయాను. ఇరవై అడుగుల నిలువు గట్టు కింద. అన్నం అక్కడే తిన్నాం, నీడ బాగుందని. పైనుంచి చిన్న చిన్న రాళ్లు గలగలమని జారుతుంటే నవ్వుకున్నాం, కోతి విసిరిందని. మా బావ మీద పడ్డది నా మీద పడాల్సింది కాదా? పడలేదు, అంతే. నాకు తెలివుండి కాదు.

అందుకే ఇప్పుడు లెక్క వేద్దాం. మన ఇంటికి అసలు ఎంత గ్రావెల్ కావాలి?

ఇల్లు ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు అనుకోండి. లోపల రెండడుగులు నింపాలి. ఆరు వందల ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రక్కుకి సుమారు వంద వేసుకుంటే ఆరు ట్రక్కులు, దిమ్మిస కొట్టాక దిగుతుంది కాబట్టి ఎనిమిది అనుకోండి. ఇది భూమిలోంచి రావడానికి ఎంత గుంట కావాలి? పదహారు అడుగుల పొడవు, పదమూడు అడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. చాలు. మూడడుగులంటే నడుము లోతు. ఒక ఇంటికి, ఒక అరుగుకి, ఇంటి ముందు దారికి కలిపినా వెడల్పు పెంచుకుంటే సరిపోతుంది, లోతు పెంచక్కర్లేదు.

అంటే ఏంటి? మన ఇంటి అవసరానికి తవ్వే గుంటలో మనిషి మునిగేంత గట్టు ఉండాల్సిన పనే లేదు. నిలువు గట్టు ఎవరికి కావాలి? తక్కువ జాగాలో ఎక్కువ లోడ్లు తియ్యాలనుకునేవాడికి. టిప్పరుకి డీజిలు, జేసీబీకి గంట లెక్క బాడుగ కట్టేవాడికి. ఆ తవ్వకం పద్ధతి వాళ్ల గుంటల్లో చూసి మనం నేర్చుకున్నాం. బావ కూడా అంతే. మా తాతలు పైపైన గీకి తీసుకునేవాళ్లని మా మేనత్తే చెప్పింది. గట్టు కోసుకుంటూ లోపలికి పోవడం మొన్న మొన్న వచ్చిన అలవాటు.

గట్టు ఎందుకు కూలుతుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలా మంది "గ్రావెల్ గట్టిగా ఉంటుందిలే, ఇసుక కాదు కదా" అంటారు. ఎండినప్పుడు గట్టిగానే ఉంటుంది. గ్రావెల్‌లో రాళ్లని పట్టి ఉంచేది ఆ మధ్యలో ఉండే బంకమట్టి. వాన నీరు పైనుంచి ఇంకితే ఆ బంక మెత్తబడుతుంది, బరువు పెరుగుతుంది. తర్వాత ఎండ కాసినప్పుడు పైకి ఆరిపోయినట్టే ఉంటుంది గానీ లోపల తడి అలాగే ఉంటుంది. పైన అంచుకి కాస్త వెనకగా నెర్రె పడుతుంది. ఇక ఆ ముక్క గుట్టది కాదు, గాల్లో ఉన్నట్టే. కింద గుల్ల చేసి ఉంటే చెప్పక్కర్లేదు. దారిన బరువు బండి పోయినా చాలు.

బరువు కూడా తక్కువేం కాదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గ్రావెల్ ఒకటిన్నర టన్నుల పైనే ఉంటుంది. రెండు మీటర్ల ఎత్తు గట్టు మీటరు మందాన విరిగితే మీద ట్రాక్టరు పడ్డట్టే. తల బయటే ఉన్నా సరే, ఛాతీ వరకు మట్టి బిగిస్తే ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకాస్త బిగుస్తుంది, మళ్లీ పీల్చుకోవడానికి చోటుండదు. "తల బయటే ఉంది కదా, ఏం కాదు" అని నిమ్మళంగా ఉండకండి.

మరి ఎలా తవ్వాలి? ఇంజనీరు అక్కర్లేదు. ముందు చోటు చూసుకోండి. ఇంటికి, బావికి, కరెంటు స్తంభానికి, వాగు గట్టుకి దూరంగా ఉండాలి. నిటారు వాలు మొదట్లో వద్దే వద్దు. కింద ఇళ్లున్న వాలు మీద అసలు వద్దు, గుట్ట కాళ్లు నరికినట్టే అవుతుంది. పై మట్టి ఒక జానెడు తీసి విడిగా పోగెయ్యండి, అది చేను మట్టి, చివర్లో మళ్లీ పరవాలి. తవ్వకం పైనుంచి కిందికి రావాలి. కింద గుల్ల చెయ్యడం ఇంటి లెక్కయినా, కూలి లెక్కయినా, ఎవరు చెప్పినా చెయ్యొద్దు. నడుము లోతు దాటాల్సి వస్తే నిలువుగా కాదు, మెట్లు మెట్లుగా.

ఈ మెట్ల లెక్క నా సొంతం కాదు. గనులకి 1961లో చేసిన లోహ గనుల నిబంధనల్లోనే ఉంది. మొరం, గ్రావెల్, బంకమట్టి లాంటి నేలల్లో గట్టు వాలు 45 డిగ్రీలకి మించకూడదు, లేదంటే మెట్లుగా కొయ్యాలి. ఒక్కో మెట్టు ఎత్తు ఒకటిన్నర మీటరు దాటకూడదు, వెడల్పు ఆ ఎత్తు కంటే తక్కువ ఉండకూడదు. అంచు నుంచి మూడు మీటర్ల లోపు చెట్టు గానీ, ఊగే రాయి గానీ, తవ్విన మట్టి గానీ ఉండకూడదు. కింద కోసి పైది వేలాడేలా వదలకూడదు. ఇదంతా రాసి ఉంది. ఒకటిన్నర మీటరంటే ఐదడుగులు. నేను పని చేసిన గుంటలో గట్టు దానికి నాలుగింతలు.

రాసి ఉంటే మరి ఎవరూ ఎందుకు ఆపలేదు? ఇది నేను ఈ మధ్యే తెలుసుకున్నాను, కోపం కూడా వచ్చింది. 1952 గనుల చట్టంలో మూడో సెక్షన్ ఇలా ఉండేది. గ్రావెల్, మొరం, లేటరైట్ లాంటి వాటి తవ్వకం ఎక్కడా ఆరు మీటర్ల లోతు దాటకపోతే, ఏ రోజూ యాభై మందికి మించి పనివాళ్లు లేకపోతే, పేలుడు మందు వాడకపోతే, ఆ చట్టంలోని చాలా నిబంధనలు దానికి వర్తించవని పెట్టారు. మన ఏజెన్సీలో ఏ గ్రావెల్ గుంటలో యాభై మంది ఉంటారు? జేసీబీ ఒకటి, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. ఆరు మీటర్లంటే దాదాపు ఇరవై అడుగులు. ఒకటిన్నర మీటరుకే మెట్టు కొట్టమన్న నిబంధన, ఆరు మీటర్ల వరకు అసలు తలుపు తట్టనే తట్టదు. మన వాళ్లు చచ్చేది సరిగ్గా ఆ మధ్య లోతుల్లోనే. చిన్న గుంట కాబట్టి చిన్న ప్రమాదం అనుకున్నారేమో రాసినవాళ్లు. మట్టికి అది తెలియదు కదా.

కాబట్టి ఎవరో ఇన్‌స్పెక్టరు వచ్చి మన గట్టు కొలుస్తాడని ఎదురు చూడటం దండగ. కొలవాల్సింది మనమే. మనకి దానికి అధికారం కూడా ఉంది, వాడుకోవట్లేదంతే. అక్కడికే వస్తున్నా.

ముందు హక్కు సంగతి. "మా భూమి, మా గ్రావెల్, ఎవడు అడిగేది?" అని మన వాళ్లంటారు. సగం నిజం. 2013లో సుప్రీంకోర్టు కేరళ భూముల కేసులో, ఏదైనా చట్టం తీసేసుకుంటే తప్ప భూమి కింద ఉన్న ఖనిజం మామూలుగా భూమి యజమానికే చెందుతుందని చెప్పింది. అది మనకి బలం. కానీ సొంతం కావడం వేరు, తవ్వి అమ్మడం వేరు. 1957 గనులు, ఖనిజాల చట్టం ప్రకారం గ్రావెల్ చిన్న తరహా ఖనిజం. అమ్మాలన్నా, ఊరు దాటించాలన్నా రాష్ట్ర ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి, అనుమతి కావాలి, సీనరేజి కట్టాలి. అనుమతి లేకుండా తవ్వి పట్టుబడితే అదే చట్టంలో ఐదేళ్ల వరకు జైలు, హెక్టారుకి ఐదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఆ కేసు ఎవరి మీద పడుతుంది? పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ల మీదే ముందు పడుతుంది. టిప్పరు వాడు అప్పటికే ఇంకో మండలంలో ఉంటాడు.

సొంత వాడకం మాటకొస్తే, పర్యావరణ అనుమతుల విషయంలో 2016లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ కొన్నిటికి మినహాయింపు ఇచ్చింది. ఊళ్లో ఆనవాయితీగా తవ్వుకునే చోట సొంత అవసరానికో, ఊరి పనికో తీసుకునే ఇసుక, మామూలు మట్టి. బావి తవ్వకం. ఇంటి పునాది. అంటే మనం బతకడానికి చేసే తవ్వకం, అమ్మకానికి చేసే తవ్వకం ఒకటి కాదని వాళ్లే ఒప్పుకున్నారు. గుర్తుంచుకోండి, అది పర్యావరణ అనుమతి వరకే. గ్రావెల్‌కి మీ దగ్గర మైనింగ్ శాఖ ఏమంటోందో సచివాలయంలో రాతపూర్వకంగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాట వద్దు. ఇక పోడు పట్టా, అదే అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఆ హక్కు నివాసానికి, సొంత సాగుకి ఇచ్చింది. అక్కడ గ్రావెల్ తవ్వి అమ్మితే, ఎన్నో ఏళ్లు కొట్లాడి తెచ్చుకున్న పట్టానే గొడవలో పడేసుకున్నట్టు. దయచేసి ఆ పని చెయ్యొద్దు.

అసలు ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో చెప్తా. రోడ్డు పని వస్తుంది. ఒక పెద్దమనిషి బండేసుకుని వస్తాడు. "ఏం తమ్ముడూ, మీ మెట్ట చేను ఎగుడుదిగుడుగా ఉంది, పైసా తీసుకోకుండా చదును చేసి పెడతాం, జీడిమామిడి వేసుకుందువు గానీ" అంటాడు. ఖర్చులకి కొంత చేతిలో పెడతాడు. ఒక కాగితం మీద వేలిముద్ర. మూడు నెలల తర్వాత చూస్తే చేను చదును కాలేదు, చేను లేదు. పై మట్టి పోయింది, కింద గట్టి నేల తేలింది, మూడు వైపులా నిలువు గట్లు. జీడిమామిడి కాదు, గడ్డి కూడా మొలవదు. మా ఊళ్లో ఇలాంటివి రెండున్నాయి. ఇచ్చినవాళ్లు తెలివితక్కువోళ్లు కాదు. ఒకాయన కూతురి పెళ్లి, ఇంకొకామె మొగుడి ఆపరేషన్. వాళ్లని తిట్టే హక్కు మనకి లేదు. ఆ రోజు వాళ్ల దగ్గరికి మనం పోలేదు, కాంట్రాక్టరు పోయాడు.

కానీ ఆ కాగితం విలువ ఏంటో యూత్‌కి తెలిసి తీరాలి. షెడ్యూల్డ్ ఏరియాలో 1/70 కింద గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా, ఆ భూమి మీద చేసుకునే ఒప్పందం కూడా. 1997లో సమత తీర్పు వచ్చింది కూడా ఈ మన్యం నుంచే. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజుకి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే వాళ్లు మన పేరు మీద పర్మిట్ తీస్తారు. పేరు మనది, జేసీబీ వాళ్లది, లోడు వాళ్లది, గట్టు కింద చచ్చేవాడు మనోడు. ఈ బినామీ పనికి మనలో చదువుకున్న వాళ్లే సంతకాలు పెట్టిస్తున్నారు. పేర్లు రాయను. చదివితే వాళ్లకి అర్థమవుతుంది.

1996 పెసా చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం చిన్న తరహా ఖనిజాల లీజు ఇచ్చే ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. ఆ "లేదా" దగ్గరే దొంగదారి పెట్టారనుకోండి, అది వేరే వ్యాసం. నేనడిగేది ఒకటే. మన గ్రామసభ గ్రావెల్ గురించి కూర్చున్నప్పుడు ఏం మాట్లాడుతుంది? ఎవరికివ్వాలి, రేటెంత, గుడికెంత, ఇంతే. ఎంత లోతు? గట్టు ఎలా ఉండాలి? అయిపోయాక ఎవరు పూడ్చాలి? ఈ మూడు ప్రశ్నలు నేను ఏ తీర్మానంలోనూ చూడలేదు. మా సంఘం రాయించిన తీర్మానాల్లోనూ లేవు. తవ్వకం వద్దనో, తవ్వకం కావాలనో రెండే మాటలు మనకి తెలుసు. ఎలా తవ్వాలన్నది కూడా హక్కేనని మనకి తట్టలేదు. ప్రమాదం జరిగాక పరిహారం కోసం రోడ్డు మీద కూర్చోవడం మాత్రం బాగా వచ్చు.

ఒక అన్న నాతో అన్నాడు, "నువ్వు ఇలా రాస్తే రేపు ఆఫీసర్లు ఇదే పట్టుకుని, మీ సంఘమే ప్రమాదమంటోంది కదా అని మన సొంత తవ్వకం కూడా ఆపేస్తారు" అని. ఈ భయం నాకూ ఉంది. పోడు విషయంలో చూశాం కదా, మన మంచి కోసమే అంటూ ఏం చేశారో. కానీ ఆ భయంతో నోరు మూసుకుంటే ఏమవుతుంది? బయటోడు వచ్చి నిబంధన పెడితే అది మనల్ని ఆపడానికి పెడతాడు. మనమే పెట్టుకుంటే బతకడానికి పెట్టుకుంటాం. ఇంకో పెద్దాయన "మా నాన్న తవ్వలేదా, నేను తవ్వలేదా, ఏమైంది?" అన్నాడు. తాతా, మీరు గునపంతో నడుము లోతు తవ్వారు. అదే చెయ్యమంటున్నా.

గట్టు కూలితే ఏం చెయ్యాలో కూడా రాస్తా, మా ఊరు తెలియక చేసిన తప్పులు మీరు చెయ్యకుండా. ముందు ఒకరిని పక్కకి నిలబెట్టండి, వాళ్ల పని గట్టు వైపు చూడటమే, ఇంకో పెళ్ల కదిలితే కేక వెయ్యడానికి. అంచు మీదకి ఎవరినీ ఎక్కనివ్వొద్దు. 108కి ఫోన్ వెంటనే, తీశాక కాదు. మనిషి ఉన్న చోట జేసీబీ బకెట్టు వద్దు, గునపం వద్దు. దూరంగా ఉన్న మట్టి పారతో, ఒంటి దగ్గర చేతులతో, కంచాలతో తియ్యండి. ముఖం, నోట్లో మట్టి, ఆ తర్వాత ఛాతీ. చేతులు పట్టి లాగొద్దు. కాళ్లు చాలాసేపు నలిగి ఉంటే ఎంతసేపు మట్టి కింద ఉన్నాడో గడియారం చూసి డాక్టరుకి చెప్పండి. బయటికి తీసినప్పుడు బాగానే మాట్లాడతాడు, తర్వాత కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. "లేచి కూర్చున్నాడు, ఇంటికి తీసుకుపోదాం" అనొద్దు.

ఇక కూలకుండా ఉండటానికి కొన్ని చిన్న చిన్న సంగతులు. వాన పడిన మర్నాడు, ఆ మర్నాడు కూడా గుంటలోకి దిగొద్దు. పొద్దున్నే దిగే ముందు పైకి పోయి నెర్రెలున్నాయేమో చూడండి. సన్న రాళ్లు జారుతుంటే, గట్టులోంచి చెమ్మ ఊరుతుంటే, చెట్టు ఒరిగినట్టు కనిపిస్తే ఆ రోజుకి పని అయిపోయింది. ఒక్కరే దిగొద్దు. అన్నం గట్టు నీడలో తినొద్దు. ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఎండ నిజం, నీడ నిజం. నాలుగు కర్రలు పాతి దూరంగా ఆకుల పందిరి వేసుకోండి, అరగంట పని. ట్రాక్టరు వెనక్కి వస్తున్నప్పుడు పిల్లలు ట్రక్కు చుట్టూ ఉండకూడదు. అసలు పిల్లల్ని గుంటకి తీసుకుపోవద్దు. ఇది రాస్తుంటే నాకు మా బావ కొడుకే గుర్తొస్తున్నాడు. వాడు ఇప్పటికీ ఆ దారిన పోడు, చుట్టూ తిరిగి బడికి పోతాడు.

పని అయిపోయిన గుంట సంగతి ఇంకా ఘోరం. వానాకాలంలో నిండుతుంది. నీళ్లు ఎర్రగా ఉంటాయి, లోతు తెలియదు, ఒడ్డు నిలువుగా ఉంటుంది, దిగినవాడు ఎక్కడానికి పట్టు దొరకదు. పశువులు పడతాయి, పిల్లలు ఈతకి దిగుతారు. దోమల సంగతి మలేరియాతో బతికే మన ఊళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఒడ్డు కొట్టి వాలు చెయ్యడం, దాచిన పై మట్టి పరచడం, చుట్టూ ముళ్లకంప, మధ్యలో వెదురో, జీలుగో వెయ్యడం. తవ్విన వాడే ఇది చెయ్యాలి. కాంట్రాక్టరు తవ్వితే ఆ ఖర్చు ముందే గ్రామసభ దగ్గర డిపాజిట్ కట్టించుకోవాలి. లోడ్లు పోయాక వాడు ఫోనెత్తడు.

మా ఊళ్లో పోయిన నెల కూర్చున్నాం. పెద్ద సభేం కాదు, ముప్పై మంది. నాలుగు మాటలు పుస్తకంలో రాసుకున్నాం. ఇంటికి తవ్వుకునేవాళ్లు వార్డు మెంబరుకి చెప్పి, చూపించిన చోటే తవ్వాలి, నడుము లోతు. అంతకు మించితే మెట్లు. వానాకాలం నాలుగు నెలలు బంద్. బయటోళ్ల జేసీబీ గ్రామసభ తీర్మానం లేకుండా ఊళ్లోకి రాకూడదు. మొదటి రెండూ అందరూ ఒప్పుకున్నారు. మూడో దాని మీద గొడవైంది, వానల ముందే ఇల్లు కట్టుకోవాలంటే ఎలా అని. ఇంకా తెగలేదు. నాలుగో దానికి ఇద్దరు లేచి వెళ్లిపోయారు, వాళ్లిద్దరికీ ట్రాక్టర్లున్నాయి. వాళ్ల ఇంటికి మళ్లీ పోతున్నాం. బండి వాయిదా కట్టాల్సినవాడి బాధ కూడా బాధే.

బావ ఆ సభకి కర్ర పట్టుకుని వచ్చాడు. వెదురు కర్ర, దాని మీద కత్తితో మూడు గాట్లు పెట్టాడు. మోకాలికి ఒకటి, నడుముకి ఒకటి, ఐదడుగులకి ఒకటి. "ఇది పట్టుకుని పోయి కొలవండి, నేను నడవలేను" అన్నాడు. ఇప్పుడు ఊళ్లో కుర్రాళ్లు అలాంటివి నాలుగు చేశారు. పాత గుంటలు కొలిచాం. మా ఒక్క పంచాయతీలో పదకొండు తేలాయి. ఐదడుగుల గాటు దాటనివి రెండే రెండు. మిగతా తొమ్మిదిలో ఒకటి బడి ఆటస్థలానికి ఆనుకునే ఉంది.

మీ పంచాయతీలో ఎన్నో కొలవండి. ఊరి పేరు, గుంట ఎవరి భూమిలో ఉందో పేరు వద్దు, లోతు, పక్కన ఏముందో రాసి పంపండి. తొలకరి పడకముందే అన్నీ కలిపి ఐటీడీఏలో ఇద్దాం. ఫోటో తీసేటప్పుడు అంచు మీద నిలబడొద్దు.